అవును, తాళాలు నేనే దాచాను

మొన్న మా తోడికోడలి మనవడి అన్నప్రాశనకి గుడివాడ వెళ్ళాం. బస్సులో వెళ్ళాం. అక్కడ అదే పెద్ద వార్త అయిపోయింది. "కారేదీ?" అని గుమ్మంలోనే అడిగారు మా పెద్దాడపడుచు. అమ్మేశామని చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి, గొంతు తగ్గించి, "ముప్పై ఏళ్ళు నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్ళన్నీ తిప్పాడే, వాడి దగ్గర తాళాలు లాక్కోడానికి నీకు చేతులెలా వచ్చాయే?" అన్నారు.

అక్కడ నేనేం మాట్లాడలేదు. పసివాడి శుభకార్యం, నలుగురూ ఉన్నారు, పైగా చేతిలో పరమాన్నం గిన్నె ఉంది. ఇంటికొచ్చాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అక్కడ మింగేసిందంతా ఇక్కడ చెప్పేస్తున్నాను. కాస్త ఘాటుగా ఉంటే సర్దుకోండి.

మావారికి అల్జీమర్స్. మొదటి దశే. వయసు 63. డాక్టరు గారు చెప్పి ఏడాదిన్నర దాటింది. మా వాళ్ళెవరూ ఆ పేరు పలకరు. "కాస్త మతిమరుపు" అంటారు. "వయసొస్తోందిగా, మాకు మాత్రం గుర్తుంటున్నాయా ఏంటి" అని నవ్వేస్తారు. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం మతిమరుపు, నాకూ ఉంది. కళ్ళజోడు చేతిలోకి తీసుకుని, దీన్ని ఎటు తిప్పి పెట్టుకోవాలా అని చూస్తూ నిలబడిపోవడం మతిమరుపు కాదు.

మావారు ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కాలువల అడ్డుకోతలు స్కేలు లేకుండా గీసేవారు. అలాంటి మనిషిని డాక్టరు గారు ఒక గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమన్నారు. గుండ్రం చక్కగా గీశారు. ఆ తర్వాత ఒకటి నుంచి పన్నెండు వరకు అంకెలన్నీ కుడి పక్కనే, ఒకదాని మీద ఒకటి ఇరికించేశారు. ఎడమ పక్కంతా ఖాళీ. గీసి నా వైపు చూశారు, సరిగ్గానే ఉందా అన్నట్టు. తర్వాత వేసిన ప్రశ్నలకి 30కి 22 వచ్చాయి. నాకు మాత్రం ఆ సగం ఖాళీ గడియారమే కళ్ళ ముందు ఉండిపోయింది.

ఈ జబ్బు ముందుగా పట్టేది మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్నీ, దాని పక్కనున్న భాగాన్నీ అట. ఎక్కడున్నాం, ఎటు వెళ్ళాలి అనే లెక్క చూసే కణాలు అక్కడే ఉంటాయట. ఆ కణాలని కనిపెట్టినందుకే 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ బహుమతి ఇచ్చారని మా అబ్బాయి చెప్పాడు. అంటే దారి తప్పడం ఈ జబ్బులో ఎప్పుడో చివర్లో వచ్చే ముచ్చట కాదు. చాలామందికి మొదట్లోనే వస్తుంది. మనం మాత్రం మంచాన పడితేనే జబ్బనుకుంటాం.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఎందుకంటే వాళ్ళని అనే ముందు నన్ను నేను అనుకోవాలి.

మొదటిసారి చూపించినప్పుడే డాక్టరు గారు "డ్రైవింగ్ తగ్గిస్తే మంచిదమ్మా" అన్నారు. తగ్గిస్తే మంచిది! ఉప్పు తగ్గించమన్నట్టు. ఆ మెత్తటి మాట నాకూ హాయిగా అనిపించింది, నిజం చెప్పొద్దూ. తగ్గించాం. హైవే మానేశాం, రాత్రిళ్ళు మానేశాం. పటమట నుంచి బెంజి సర్కిల్ దాకా, రైతుబజారు దాకా, గుడి దాకా మాత్రం ఆయనే నడిపేవారు. పక్కన నేను. "ఏవండీ, సిగ్నల్. ఏవండీ, కుడిపక్కకి. బండి వస్తోంది, ఆగండి." ఎనిమిది నెలలు అలా నడిపాం. చేతులూ కాళ్ళూ ఆయనవి, కళ్ళు నావి. నాకేమో డ్రైవింగ్ రాదు! మా తరం ఆడవాళ్ళలో ఎంతమందికి వచ్చు? ఎడమ పక్క సీట్లో కూర్చుని, గ్లోవ్ బాక్సులో యాలకులు, వాంతి కవర్లు సర్దడమే మన పని అనుకున్నాం. డ్రైవింగ్ రానిదాన్ని, డ్రైవింగ్ మర్చిపోతున్న మనిషికి దారి చెప్తూ, బెజవాడ ట్రాఫిక్‌లో తిరిగాను. ఎవరైనా అడిగితే "బాగానే నడుపుతారండీ" అనేదాన్ని. ఆ అబద్ధం మా ఆడపడుచు చెప్పలేదు, నేనే చెప్పాను.

ఒకరోజు సాయంత్రం నాలుగున్నరకి మెయిన్ రోడ్డు మీంచి మా వీధిలోకి కుడివైపు తిరుగుతున్నాం. మనకి ఎడమ పక్కన నడిపే పద్ధతి కదా, కుడికి తిరగాలంటే ఎదురొచ్చే బళ్ళన్నీ చూసుకుని, వాటి వేగం అంచనా వేసి, సందు చూసి వెళ్ళాలి. ఒకేసారి నాలుగు లెక్కలు. లారీని చూశారు, ఆగారు. లారీ వెళ్ళిపోయింది. కారు కదిలింది. లారీ వెనకాల సైకిలు మీద ఒక పిల్ల, స్కూలు యూనిఫాంలో. నేను "ఆగండి" అని అరిచాను. ఆయన ఆగలేదు. నాకు తెలిసింది ఒక్కటే, మధ్యలో ఉన్న హ్యాండ్ బ్రేకు. రెండు చేతులతో లాగేశాను. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. బంపరు సైకిలు వెనక చక్రానికి తగిలింది. పిల్ల పడింది. దాని నీళ్ళ సీసా దొర్లుకుంటూ మా కారు కిందకి వచ్చేసింది.

మోకాలు చెక్కుకుపోయింది, అంతే. దేవుడి దయ. కానీ మావారు నా వైపు తిరిగి ఏమన్నారో తెలుసా? "ఎవరూ లేరుగా, ఎందుకు లాగావ్?"

ఆయన అబద్ధం ఆడలేదు. ఆ పిల్ల ఆయనకి నిజంగానే కనపళ్ళేదు. కంటి డాక్టరు దగ్గర ఆర్నెల్ల ముందు చూపించాం, చూపు భేషుగ్గా ఉందన్నారు. కళ్ళు చూస్తాయి, చూసింది మెదడుకి అందదు. ఆ పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళి టీటీ ఇంజెక్షన్ చేయించి, వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆవిడ వీధిలో అందరి ముందూ అరిచింది, "ముసలాయనకి కారెందుకు ఇచ్చారమ్మా?" అని. ఏడాదిన్నరలో మాతో సరైన మాట అన్న మనిషి ఆవిడ ఒక్కతే.

ఆ రాత్రి తాళాలు తీసి బియ్యం డబ్బాలో పెట్టాను.

ఇక మొదలైంది. తాళాలు కనపడకపోయేసరికి మావారు ఇల్లంతా వెతికి, చిన్నపిల్లాడిలా కోపం తెచ్చుకుని, అన్నగారికి ఫోను చేశారు. మా బావగారు వచ్చారు. "లైసెన్సు ఉందిగా అమ్మాయ్, గవర్నమెంటే నడపమని ఇచ్చాక నువ్వెవరు వద్దనడానికి?" అన్నారు. లైసెన్సు సంగతి చెప్తాను వినండి. 55 దాటినవాళ్ళకి ఐదేళ్ళకోసారి కొత్తది చేయించుకోవాలి. మావారికి 60లో చేయించాం. డాక్టరు సర్టిఫికెట్ కూడా పెట్టాం. ఆ డాక్టరు గారు దూరంగా అక్షరాలు చదివించి సంతకం పెట్టేశారు. జ్ఞాపకం గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆ కార్డు 65 దాకా చెల్లుతుంది. జబ్బు కార్డు చూసి ఆగుతుందా?

మోటారు వాహనాల చట్టంలో 186వ సెక్షను అని ఒకటుంది. నడిపితే జనానికి ప్రమాదం అయ్యేలాంటి జబ్బు తనకి ఉందని తెలిసీ బండి నడిపితే తప్పంటుంది. మొదటిసారికి జరిమానా వెయ్యి రూపాయల దాకా. సరే, వెయ్యి రూపాయలతో పోయే ప్రాణాలా అన్నది అలా ఉంచండి. "తెలిసీ" అన్న మాట చూడండి. తనకి జబ్బుందని తెలియకపోవడమే ఈ జబ్బులో సగం. మావారిని ఇవాళ అడగండి, "నాకేం, దిట్టంగా ఉన్నా" అంటారు. మరి తెలిసినవాళ్ళెవరు? నేను. మా బావగారు. మా ఆడపడుచు. రిపోర్టులు చదివిన ప్రతివాళ్ళూ. చట్టం మనల్ని ఏమీ అనదు కాబట్టి మనం ఊరుకోవచ్చా?

మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ అల్జీమర్స్ అని తేలితే డాక్టరే పై అధికారులకి రాసి పంపించాలట, లైసెన్సు సంగతి వాళ్ళు చూసుకుంటారట. ఇంట్లో ఆడదాని మెడకి చుట్టుకోదు. మనకి అలాంటిదేమీ లేదు. తాళాలు తీసే పాపం పెళ్ళాందే.

నేనొకటి ఒప్పుకుంటాను. మొదటి దశలో ఉన్న ప్రతి మనిషీ ఆ రోజు నుంచే నడపలేడని కాదు. కొన్ని దేశాల్లో పక్కన మనిషిని కూర్చోబెట్టి రోడ్డు మీద నడిపించి చూస్తారు, మళ్ళీ ఆరు నెలలకో ఎప్పుడో చూస్తారు. అలాంటి పరీక్ష మన ఊళ్ళో నాకు దొరికితే మొట్టమొదట నేనే తీసుకెళ్ళేదాన్ని. లేనప్పుడు ఆ పరీక్ష ఎవరి మీద పెట్టినట్టు? స్కూలు నుంచి వచ్చే పిల్ల మీద.

తర్వాత మా మరిది ఉపాయం. "వదినా, తాళాలు దాచొద్దు, ఆయన బాధపడతారు. బ్యాటరీ వైరు పీకేద్దాం, కారు పాడైందనుకుంటారు." బాగుందనిపించింది, పీకేశాం. మర్నాడు పొద్దున్నే మావారు స్టార్ట్ చేసి చూశారు, కదల్లేదు. దిగి బానెట్ ఎత్తి, వైరు ఊడిందని చూసి, స్క్రూడ్రైవరు తెచ్చి, ఐదు నిమిషాల్లో బిగించేశారు. మా బావగారు వరండాలో కాఫీ తాగుతూ అంతా చూసి, "ఇదిగో, ఇంత తెలివున్నవాడికి జబ్బేంటమ్మా? నువ్వే లేనిపోనిది అంటగడుతున్నావ్" అన్నారు.

ఎంతమంది ఇళ్ళల్లో ఈ మాట పడుంటుందో నాకు తెలుసు. నలభై ఏళ్ళు చేసిన పని చేతుల్లో ఉండిపోతుంది. హార్మోనియం వాయించేవాళ్ళు వాయిస్తూనే ఉంటారు, జడలల్లేవాళ్ళు అల్లుతూనే ఉంటారు. క్లచ్చూ గేరూ కూడా అంతే, అవి పోవు. అందుకే గదా మోసపోయేది. ఖాళీ రోడ్డు మీద పావుగంట పక్కన కూర్చుని "భలే నడుపుతున్నాడు" అని సర్టిఫికెట్ ఇచ్చేస్తారు చుట్టాలు. గేరు వేయడం డ్రైవింగ్ కాదండీ. అనుకోకుండా అడ్డొచ్చిన దాన్ని చూసి, అరక్షణంలో ఏం చెయ్యాలో తేల్చుకోవడం డ్రైవింగ్. పోయింది అది.

"కారు మానేస్తే మానెయ్యండి, స్కూటరుకేం?" అన్నది ఇంకో పక్షం. వీళ్ళ మీద నాకు ఇంకా ఒళ్ళుమంట. కారులోనైనా పక్కన ఒక మనిషి ఉంటుంది, చుట్టూ రేకుంటుంది. స్కూటరు మీద ఏముంది? పటమట సందుల్లోంచి ఆటోలూ, కుక్కలూ, ఎదురు దారిలో వచ్చే బైకులూ. "మన వీధిలోనే కదా" అంటారు. ఆ పిల్ల పడింది మన వీధి మలుపులోనే. స్కూటరు మర్నాడే మా మరిది ఇంటికి పంపించేశాను. అంత ప్రేమ ఉంటే అక్కడే ఉండనీ అన్నాను.

చివరికి పనికొచ్చింది ఒక్కటే. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరు గారిని పక్కకి పిలిచి, "తగ్గించమనకండి సార్, మానెయ్యమని రాసివ్వండి. పెద్దక్షరాలతో, తెలుగులో" అని అడిగాను. ఆయన కాసేపు నన్ను చూసి, మావారిని కూర్చోబెట్టి, "ఇంజనీరు గారూ, ఈ మందులు వాడుతున్నన్నాళ్ళూ బండి నడపకూడదు. ఇది నా మాట" అని చెప్పి, చీటీ మీద రాసి సంతకం, ముద్ర వేసిచ్చారు. ఆ చీటీ ఫ్రిజ్ మీద అంటించాను. తాళాలు అడిగినప్పుడల్లా చీటీ చూపిస్తాను. కోపం నా మీద కాకుండా డాక్టరు గారి మీదకి పోతుంది. మీ ఇంట్లో ఇలాంటి అవసరం ఉంటే ముందు ఇది చెయ్యండి. ఆర్నెల్ల కాపురం కలహాలు తప్పుతాయి.

తర్వాత కారు అమ్మేశాం. "అమ్మితే మరీ అన్యాయం, ఇంటి ముందు ఉండనీ, చూసుకుంటాడు" అన్నారు. ఇంటి ముందు ఉన్నన్నాళ్ళూ రోజుకి పదిసార్లు తాళాలు అడిగేవారు. అమ్మాక రెండు నెలలకి రోజుకి ఒకసారికి దిగింది. డబ్బు లెక్క కూడా చెప్తాను, నాకు లెక్క రాసే అలవాటుంది. పెట్రోలు నెలకి మూడు వేలు, ఇన్సూరెన్సు ఏడాదికి తొమ్మిది వేలు, సర్వీసింగులు వేరే. ఇప్పుడు వీధి చివర తెలిసిన ఆటో అబ్బాయికి నెలకి రెండు వేల ఆరు వందలు దాటడం లేదు. నేను ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్తున్నాను, ఎవర్నీ అడక్కుండా.

ఇదంతా చక్రాల సంగతి. కాళ్ళ సంగతి ఇంకోటి ఉంది.

మే నెలలో ఒక పొద్దున్న ఆరూ పదికి వాకింగ్‌కని బయల్దేరారు. రోజూ ఏడింటికి వచ్చేస్తారు. ఏడున్నర అయినా రాలేదు. పార్కుకి వెళ్ళాను, లేరు. ఇడ్లీ బండి దగ్గర చూశాను, లేరు. ఫోను చేస్తే పడగ్గదిలో మోగింది. ఎనిమిదింటికి బావగారికి చెప్పాను. "పోలీసులకి మాత్రం చెప్పకు. పేపర్లో పడుతుంది. రేపు మా మనవరాలికి సంబంధాలు చూస్తున్నాం, వంశంలో పిచ్చి ఉందంటారు. మనమే వెతుకుదాం" అన్నారు.

నేను విన్నాను. ఇది మాత్రం నేను ఎప్పటికీ క్షమించుకోలేను. రెండుంపావు గంటలు నేనూ, మా మరిదీ, అపార్టుమెంటు కుర్రాళ్ళిద్దరూ వెతుకుతూ తిరిగాం. బందరు కాలువ గట్టు మీద నడుస్తూ నేను దార్లో మనుషుల్ని చూడలేదు, నీళ్ళలోకి చూశాను. ఉద్యోగమంతా కాలువల మీద చేసిన మనిషి, గట్టు కనపడితే పాత అలవాటు కొద్దీ అటే పోతారేమోనని.

పదీ పావుకి ఇక ఆగలేక 112 కి ఫోను చేశాను. కానిస్టేబుల్ గారు మొదట అడిగిన ప్రశ్న, "ఏం చొక్కా వేసుకున్నారమ్మా?" నాకు తెలియలేదు. ముప్పై నాలుగేళ్ళు ఆ చొక్కాలు ఉతికి, ఇస్త్రీకి ఇచ్చిన దాన్ని. ఆ పొద్దున్న ఆయన వేసుకున్న రంగేమిటో చెప్పలేకపోయాను.

పన్నెండూ నలభైకి ఫోను వచ్చింది, మేం కళ్ళజోడు చేయించుకునే షాపు నుంచి. ఉయ్యూరులో ఒక టీ కొట్టతను మావారిని నీడలో కూర్చోబెట్టుకుని, ఇల్లెక్కడని అడిగితే ఆయన మా పాత ల్యాండు లైను నంబరు తడుముకోకుండా చెప్పారట. ఆ ఫోను తీయించేసి ఎన్నేళ్ళయిందో. పలక్కపోయేసరికి అతను జేబులో కళ్ళజోడు డబ్బా చూసి, దాని మీద షాపు నంబరుంటే చేశాడు. షాపువాళ్ళు బిల్లు పుస్తకం వెతికి మాకు చేశారు. జరిగిందేమిటంటే, ఆటోనగర్ దగ్గర బందరు బస్సెక్కారు. ఆయన మొదటి ఉద్యోగం బందర్లో. ఆఫీసుకి వెళ్తున్నాననుకున్నారు. ఉయ్యూరులో ఎందుకు దిగారో ఆయనకే తెలీదు. నేను వెళ్ళేసరికి చెప్పులు లేవు, పెదాలు ఎండిపోయున్నాయి, టీ గ్లాసు పట్టుకుని "ఇంత లేటేంటి, క్యారేజీ తెచ్చావా?" అని అడిగారు. ఆ టీ కొట్టతనికి డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. "మా నాన్నా ఇలాగే అమ్మా" అన్నాడు.

పరువు గురించి మా బావగారు ఎంత ఆలోచించారో, ఎండలో చెప్పుల్లేకుండా నిలబడ్డ తమ్ముడి గురించి అంత ఆలోచించి ఉంటే బాగుండేది. ఎవరి పరువండీ ఇది? మావారి పరువు పోయింది ఉయ్యూరు బస్టాండులో దిక్కులు చూస్తూ నిలబడ్డప్పుడు. పోలీసులకి చెప్తే పోయేది మా బావగారి పరువు. ఆ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు అందరూ. పిచ్చి అన్న మాట వాడకండి అని కూడా చెప్పాను ఆయనకి. చక్కెర జబ్బుని ఎవరైనా పిచ్చి అంటారా? మన దేశంలో అరవై దాటినవాళ్ళలో దాదాపు 88 లక్షల మందికి ఈ మతి తప్పే జబ్బులున్నాయని 2023లో వచ్చిన పెద్ద సర్వే లెక్క. మా వంశానికే రాలేదు.

ఇప్పుడు రెండో తెగ బయల్దేరింది. నిన్నటిదాకా "తాళాలివ్వు, తిరగనీ" అన్నవాళ్ళే, ఉయ్యూరు తర్వాత "బయట నుంచి తాళం వేసి పని చేసుకో" అన్నారు. ఒక్కసారి వేశాను. పావుగంట, పాలకేంద్రం దాకా. వచ్చేసరికి తలుపు లోపలి నుంచి బాదుతున్న చప్పుడు లిఫ్టు దగ్గరికే వినపడింది. తలుపు తీస్తే అరచేతులు ఎర్రగా కందిపోయి, "నన్నెందుకు పెట్టారండీ ఇక్కడ?" అన్నారు. నన్ను, పెళ్ళాన్ని, అండీ అన్నారు. లోపల గ్యాసుంది, కరెంటుంది. నిప్పంటుకుంటే తలుపెవరు తీస్తారు? మళ్ళీ తాళం వెయ్యలేదు, వెయ్యను. బండి ఆపడం వేరు, మనిషిని ఆపడం వేరు. బండి నడిపితే ఎవరి పిల్లకో ప్రాణగండం. నడిస్తే ఆయనకి ప్రమాదం, దానికి మనం కాపలా కాసుకోవచ్చు.

ఎలా కాస్తున్నానో చెప్తాను. మా అమ్మాయి చిన్నప్పటి కూచిపూడి గజ్జెలు అటకమీద ఉంటే తీసి వీధి తలుపుకి కట్టాను. తలుపు కదిలితే స్నానాల గదిలోకి కూడా వినపడుతుంది. పొద్దున్న బయల్దేరేటప్పుడు గుమ్మంలో ఒక ఫోటో తీస్తాను, నెత్తి నుంచి కాలి దాకా, ఆ రోజు బట్టలతో. కళ్ళజోడు డబ్బా లోపల, చెప్పుల అడుగున, ప్రతి చొక్కా జేబు లోపలి అంచున నా నంబరు, అబ్బాయిది కాదు. ఫోను మర్చిపోతారు కానీ కళ్ళజోడు మర్చిపోరు. మా అబ్బాయి పంపిన ట్రాకరు వాచీ మూడో రోజుకే తీసి పారేశారు. ఇప్పుడది నడుం బెల్టు లోపల కుట్టేశాను. ఛార్జింగు గుర్తుపెట్టుకోవడం నా పని. వాచీ ఎక్కడున్నారో చెప్తుంది, రోడ్డు దాటుతుంటే చెయ్యి పట్టుకోదు, అది మా అబ్బాయికి అర్థం కావడానికి టైం పట్టింది.

అన్నిటికంటే ముఖ్యం, అందరికీ చెప్పేశాను. వాచ్‌మన్‌కి, ఇడ్లీ బండి ఆవిడకి, ఆటో స్టాండులో వాళ్ళకి, ఇస్త్రీ అబ్బాయికి, మందుల షాపులో. "మా సారుకి దారి గుర్తుండని జబ్బు. ఒంటరిగా మెయిన్ రోడ్డెక్కితే నాకు ఫోను చెయ్యండి, అడ్డుపడొద్దు, మాట్లాడుతూ ఉండండి" అని. గుడివాడలో మా ఆడపడుచు బాధలో సగం ఇదే, ఊరందరికీ చాటింపు వేశానని. వేశాను. జూన్ నుంచి ఇప్పటికి మూడుసార్లు ఆయన్ని ఆపి కబుర్లు చెప్పి కూర్చోబెట్టింది ఇస్త్రీ అబ్బాయీ, ఆటో వాళ్ళూ. పరువు కాపాడే చుట్టాలెవరూ ఆ టైముకి అక్కడ లేరు.

ఇలాంటి ఇళ్ళున్నవాళ్ళు ఎవరితో మాట్లాడాలో తెలియక నాలాగే ఎనిమిది నెలలు పోగొట్టుకోకండి. అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అని 1992లో కేరళలో మొదలైన సంస్థ ఉంది, హైదరాబాదులోనూ దాని శాఖ ఉంది. పెద్దవాళ్ళ కోసం 14567 అని ప్రభుత్వ ఎల్డర్ లైన్ ఉంది. మనిషి కనపడకపోతే మాత్రం 112. వెంటనే. చుట్టాలకి తర్వాత.

ఒక్క విషయంలో మా ఆడపడుచు నన్ను నిలదీస్తే నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం అయిదింటికి మావారు బాల్కనీలోకి వచ్చి కింద ఖాళీగా ఉన్న పార్కింగు చూసి, "కారు సర్వీసింగ్ నుంచి ఇంకా రాలేదా?" అని అడుగుతారు. మొదట్లో "అమ్మేశాం కదండీ" అనేదాన్ని. రోజూ ఆ వార్త ఆయనకి కొత్తే. రోజూ మొదటిసారి విన్నట్టే మొహం వాడిపోయేది. ఇప్పుడు "రేపిస్తానన్నాడండీ" అంటాను. "వాడెప్పుడూ అంతే" అని నవ్వుకుని టీ తాగుతారు. భర్తకి రోజూ అబద్ధం చెప్తున్నావు అంటే, అవును, చెప్తున్నాను. ఇష్టమై చెప్పడం లేదు.

వచ్చే నెల మా బావగారి మనవరాలి పెళ్ళి, ఏలూరులో. సంబంధం కుదిరింది, ఏ అడ్డూ రాలేదు. మేం వస్తున్నాం, బస్సులోనే. పెళ్ళిళ్ళలో ఒక అలవాటుంటుంది, "బావా, బండి కాస్త పక్కకి తియ్యి" అని ఎవరో ఒకరు తాళాలు చేతిలో పెడతారు. మావారు సంబరంగా పుచ్చుకుంటారు. మండపం ముందు పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. అందుకని బావగారికి, మరిదికి, ఆడపడుచులిద్దరికీ ఫోను చేసి ముందే చెప్పాను. ఆయన చేతికి ఎవరైనా తాళాలిస్తే, పీటల మీద పిల్ల కూర్చున్నా సరే, నేను లేచొచ్చి అందరి ముందూ లాక్కుంటాను. తర్వాత నన్ననకండి.